గాడ్జిల్లా తర్వాత ఏం చూడాలి? జపాన్ సినిమాలు చెప్పండి (యానిమే వద్దు)

గోంగూర_బాబు: గాడ్జిల్లా మైనస్ వన్ చూశా. బల్లి కోసం కూర్చుంటే, యుద్ధంలో చావకుండా తిరిగొచ్చిన పైలట్ బాధ చూపించి ఏడిపించారు, పైగా 35 మంది టీమ్‌తో విఎఫ్ఎక్స్ చేసి ఆస్కార్ కొట్టారు, మనోళ్లేమో... సర్లే ఆ గొడవ వద్దు. ఇలాంటివి ఇంకేమున్నాయి? ఏ జానరైనా ఓకే.

నైట్‌షిఫ్ట్_రాజు: మాన్‌స్టర్ (2023) చూడు బ్రో, డైరెక్టర్ కొరెయెడాది. పేరు చూసి మళ్లీ బల్లి అనుకోకు, ఇద్దరు స్కూలు పిల్లల కథ. అదే కథ తల్లి వైపు నుంచి, తర్వాత టీచర్ వైపు నుంచి, చివరికి పిల్లాడి వైపు నుంచి. మొదట్లో ఆ టీచర్ని తెగ తిట్టుకున్నా, తర్వాత నాకే సిగ్గేసింది.

వైజాగ్_అమ్మాయి: డ్రైవ్ మై కార్. మూడు గంటలు అండి, టైటిల్స్ పడేసరికే 40 నిమిషాలు. మావారు ఓ కునుకు తీసి లేచి "ఇంకా కార్లోనే ఉన్నారా" అన్నారు 😄 కానీ చివర్లో స్టేజి మీద సైన్ లాంగ్వేజ్ సీన్ ఉంటుంది, దానికోసం మళ్లీ చూస్తా.

పాత_క్యాసెట్: స్లో ఓకే అయితే పర్ఫెక్ట్ డేస్. తీసింది జర్మన్ డైరెక్టరే గానీ సినిమా అంతా టోక్యోనే. పబ్లిక్ టాయిలెట్లు కడిగే పెద్దాయన, పాత క్యాసెట్లు, చెట్ల ఫొటోలు, అంతే. కోజి యకుషోకి కాన్స్‌లో బెస్ట్ యాక్టర్ ఇచ్చారు.

నైట్‌షిఫ్ట్_రాజు: అన్నా అవి పెద్ద పెద్ద ఆర్కిటెక్టులు డిజైన్ చేసిన టాయిలెట్లు, ఆల్రెడీ తళతళలాడుతున్నాయి. మన బస్టాండ్లో కడిగితే తెలుస్తుంది ఆ ప్రశాంతత.

పాత_క్యాసెట్: అదీ నిజమేలే 😂 ఆయన మొహం చూడ్డానికైనా చూడొచ్చు.

చిన్నోడు_కెవ్వుకేక: ఇంత బరువు నా వల్ల కాదు. వన్ కట్ ఆఫ్ ద డెడ్ పెట్టు, 2017ది. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, నాసిరకం జాంబీ సినిమాలా ఉంటుంది, ఆపెయ్యకు. దాని గురించి ఏదీ చదవకు, ట్రైలర్ కూడా చూడకు. థ్రిల్లర్ కావాలంటే క్లౌడ్ (2024), ఆన్‌లైన్లో సరుకు ఎక్కువ రేటుకి అంటగట్టేవాడి వెంట మోసపోయినోళ్లంతా పడతారు.

వైజాగ్_అమ్మాయి: ప్లాన్ 75 కూడా. 75 దాటినోళ్లు చచ్చిపోతామంటే గవర్నమెంటే ఏర్పాట్లు చేస్తుంది. అమ్మానాన్నలతో మాత్రం చూడొద్దు, నేను చూసి ఇరుక్కున్నా.

గోంగూర_బాబు: రాత్రి వన్ కట్ పెట్టా. ఇరవయ్యో నిమిషంలో చిన్నోణ్ణి తిట్టుకున్నా, క్లైమాక్స్‌కి ఒక్కణ్ణే పగలబడి నవ్వుతుంటే రూమ్మేట్ లేచి లైటేశాడు. సారీ రా చిన్నోడా.