దుకాణంలో ఉన్నట్టుండి కమ్ముకొచ్చే భయం

ప్రశ్న: గత శ్రావణమాసంలో జనరల్ బజారులో చీరలు కొని బిల్లు కోసం వరుసలో నిలబడి ఉండగా, గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ప్రాణం పోతుందేమోనన్న భయంతో సంచులు అక్కడే వదిలి వచ్చేశాను. గుండె పరీక్షలలో లోపమేమీ కనిపించలేదు. అయినా ఇప్పటికీ దుకాణం గడప తొక్కలేకపోతున్నాను. దయచేసి దారి చెప్పండి.

జవాబు 1: ఇది పానిక్ ఎటాక్ కావచ్చునండి. ఆ భయం సాధారణంగా 10 నిమిషాలలోపే తారస్థాయికి చేరి, ఆపై దానంతటదే తగ్గుతుంది. వేగంగా ఊపిరి తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి కనుక, ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘంగా వదలండి.

జవాబు 2: అక్కా, దుకాణాలకు వెళ్ళడం పూర్తిగా మానేయడం వల్లనే నా భయం పెరిగింది. సైకాలజిస్టు సలహాతో, జనం పలచగా ఉండే మధ్యాహ్నం వేళ వీధి చివరి కిరాణా కొట్టుతో మొదలుపెట్టి, దడ తగ్గేవరకు అక్కడే నిలబడటం అలవాటు చేసుకున్నాను. నాకు నెలలు పట్టింది.

జవాబు 3: 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.