పత్రికలో రాసిన "మొక్కుబడి": ఆ మాట ఉండాలా, తీసేయాలా?

సభ్యులందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ. ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊళ్లో చాలామందికి బడి చదువు మరాఠీలో సాగుతుంది, ఇంటి మాట మాత్రం తెలుగే. మా మనుమడి పుట్టువెంట్రుకలు కాళేశ్వరంలో తీయించాలని నిశ్చయించి, చుట్టాలకు పంపే పత్రికలో "కాళేశ్వర ముక్తీశ్వర స్వామివారికి మొక్కుబడి చెల్లించుకొనుచున్నాము" అని రాశాను. కరీంనగర్‌లో చదువుకున్న మా మేనల్లుడు అది చూసి, "మామా, ఆ మాట తీసేయుండ్రి, ఏదో పైపైన కానిచ్చేస్తున్నరని అనుకుంటరు" అన్నాడు.

అతడి భయానికి కారణం ఉంది. వార్తల్లో మనకు రోజూ కనిపించేది మొక్కుబడి తనిఖీ, మొక్కుబడి సమీక్ష, మొక్కుబడిగా సాగిన సభ. మనసు పెట్టకుండా, చేశామనిపించుకోవడానికి చేసే పని అనే అర్థం ఇప్పుడు ఎంత బలపడిందంటే, దేవుడికి చేసుకున్న వాగ్దానం అనే మొదటి అర్థం కుర్రవాళ్లకు తట్టడమే లేదు. ఆ మొదటి అర్థం ఇంకా బతికే ఉందని, దాన్ని మనం చేజేతులా వదులుకోకూడదని నా మనవి.

ముందుగా క్రియను చూద్దాం. "దేవుడికి మొక్కాడు" అంటే చేతులు జోడించి దండం పెట్టాడని అర్థం. "దేవుడికి మొక్కుకున్నాడు" అంటే, ఈ పని నెరవేరితే నీకు ఇది సమర్పిస్తానని మాట ఇచ్చాడని అర్థం. "కొను" అనే చిన్న అనుబంధం చేరగానే నమస్కారం కాస్తా ఒడంబడికగా మారిపోతుంది. పాత రూపం "మ్రొక్కు" అని మనకు సుమతీ శతకంలోని "మ్రొక్కిన వరమీని వేల్పు" వల్ల తెలుసు. మొక్కడం వెనుక వరం ఆశించడం ఉన్నదని ఆ పాదమే చెబుతోంది. నోముకూ మొక్కుకూ తేడా కూడా ఇక్కడే ఉన్నది. నోము ఫలం కోరి ముందుగా నోచుకునేది, మొక్కు ఫలం దక్కిన తరువాత తీర్చుకునేది. కాబట్టి మొక్కుకున్న నాటికీ తీర్చుకున్న నాటికీ మధ్య మనిషి దేవుడికి బాకీ ఉంటాడు.

ఇక "బడి" అనే ప్రత్యయం సంగతి. రాబడి, దిగుబడి, పెట్టుబడి, చెల్లుబడి అనే మాటల వరుసలో మొక్కుబడిని పెట్టి చూడండి. ఇవన్నీ లెక్కల పుస్తకంలో కనిపించే మాటలు. రావలసినది రాబడి అయినట్టే, మొక్కినందుకు చెల్లించవలసినది మొక్కుబడి అయింది. అప్పుకు వాడే "తీర్చు", "చెల్లించు" అనే క్రియలే మొక్కుకూ వాడతాం. మా చుట్టూ వినిపించే మరాఠీలోనూ ఇదే పద్ధతి: మొక్కును వాళ్లు "నవస్" అంటారు, దాన్ని "ఫేడణే" అంటారు, అప్పు తీర్చడానికీ అదే "ఫేడణే". అయితే మరాఠీవారి నవస్‌కు మన మొక్కుబడికి పట్టిన గతి పట్టలేదు.

ఆ బాకీ ఎంత బరువైనదో నేను మా నాయనమ్మ దగ్గర చూశాను. మా చిన్నాన్నకు జ్వరం తగ్గక కలవరపడిన రాత్రి ఆమె పసుపు రాసిన గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి, ముడుపు కట్టి, బియ్యం కుండలో దాచింది. (ముడుపు అంటే ఇప్పుడు లంచమనే అర్థం కూడా వచ్చి చేరింది, అది నాకు ఇంకా బాధాకరం.) జ్వరం తగ్గింది కానీ, వంతెన లేని ఆ రోజుల్లో నది దాటి మేడారం వెళ్లడం రెండు జాతరల దాకా కుదరలేదు. రెండేళ్లకొకసారి వచ్చే జాతర కనుక నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లూ ఆమె ఆ కుండలో చెయ్యి పెట్టినప్పుడల్లా, వేళ్లకు ముడుపు తగిలినప్పుడల్లా, "తల్లి బాకీ నెత్తిమీదున్నది" అనేది. చివరికి చిన్నాన్నను కాంటా తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం ముద్దలు పేర్చి, ముల్లు నడుమకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. సమ్మక్క తల్లికి ఇచ్చే ఆ ఎత్తు బెల్లాన్ని బెల్లమనరు, బంగారమంటారు. దుకాణదారు చివరి ముద్ద సగం విరిచి వేయబోతే, తక్కువ కాకూడదని మొత్తం వేయించింది. మొక్కుబడి చెల్లించడమంటే నాకు ఆ తక్కెడే గుర్తుకు వస్తుంది.

మరి నిందార్థం ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచినది చెబుతాను. బాకీ తీర్చేవాళ్లలో మా నాయనమ్మ వంటివాళ్లూ ఉంటారు, గడువు ముంచుకొచ్చిందని లెక్క సరిపెట్టి చేతులు దులుపుకునేవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకం వారి తీరును చెప్పడానికి "మొక్కుబడిగా" అనే మాట పుట్టి ఉంటుంది. గమనించండి, నింద "గా" చేరిన రూపంలోనూ, "మొక్కుబడి తంతు" వంటి చోట్ల విశేషణంగా వాడినప్పుడూ వినిపిస్తుంది. "చెల్లించు", "తీర్చుకొను" అనే క్రియల పక్కన నామవాచకంగా నిలబడితే, ఆ నింద దరిచేరదు. "మొక్కుబడిగా చెల్లించాడు", "మొక్కుబడి చెల్లించాడు" అనే రెండు వాక్యాలను పైకి చదివితే తేడా చెవికే తెలుస్తుంది.

"మొక్కు" అని రాస్తే సరిపోదా అని ఇదివరకు ఒక సభ్యులు అడిగారు. చాలాచోట్ల సరిపోతుంది, వేములవాడలో కోడె మొక్కు అనే అంటారు. అయితే మొక్కు అన్నప్పుడు ఇచ్చిన మాట ముందు వినిపిస్తుంది, మొక్కుబడి అన్నప్పుడు చెల్లించవలసిన సొమ్ము, తలనీలాలు, బెల్లం కళ్లముందుకు వస్తాయి. అలసత్వాన్ని చెప్పడానికి "నామమాత్రంగా", "పైపైన" అనే మాటలు మనకు ఎలాగూ ఉన్నాయి.

ఇదంతా మా మేనల్లుడికి చెప్పి, రెండు వాక్యాలనూ అతడి చేతనే పైకి చదివించాను. పత్రిక మీద ఆ మాట అలాగే అచ్చయింది.