కొండపల్లిలో బొమ్మలకి బేరం ఆడొచ్చా?

పటమట పిల్ల:
దసరా కొలువు కోసం కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్లాం. దశావతారాల సెట్టు నచ్చి, కాస్త తగ్గించమన్నాను. పక్కనున్న ఫ్రెండు సిగ్గుతో చచ్చిపోయింది. "చేతిపని చేసుకునేవాళ్ల దగ్గర బేరమేంటే" అని బెజవాడ వచ్చేదాకా ఒకటే క్లాసు. బీసెంట్ రోడ్డులో ఆడే బేరం అక్కడ ఆడితే తప్పా?

సత్యనారాయణపురం మాస్టారు:
తప్పేనమ్మా. పని ఎంతుందో తెలిస్తే అడగబుద్ధి కాదు. తెల్ల పొణికి కర్ర దొరకడమే ఇప్పుడు కష్టం. దాన్ని సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొట్టాలి. కాళ్లు, చేతులు విడిగా చెక్కాలి. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపితే మక్కు అవుతుంది, అతికించేది దాంతోనే. అది ఆరాక నునుపు చేసి, సుద్ద పూసి, అప్పుడు రంగులు. అంబారీ ఏనుగు కొనేటప్పుడు ఇదంతా గుర్తుండాలి. మాల్‌లో చీటీ మీదున్న రేటు కిక్కురుమనకుండా కట్టొస్తాం కదా!

బ్రాడీపేట నాలుగో లైను:
మాస్టారూ, జాలిపడి కొనడం మర్యాదెలా అవుతుంది? మాది మిర్చి వ్యాపారం. రేటు దగ్గర వాదన లేకుండా మాకు రోజు గడవదు, అలాగని ఎవరూ ఎవర్నీ చిన్నచూపు చూడరు. వాళ్లూ వ్యాపారమే చేస్తున్నారు. తగ్గించలేకపోతే కుదరదంటారు, అంతే.

కొండపల్లి కోడలు:
మా ఇంట్లో ఇదే పని. బేరానికి ఇంత టెన్షన్ వద్దండీ, అడగండి. కుదిరితే తగ్గిస్తాం. మాకు ఒళ్లు మండేది వేరే. మా మామయ్యగారు మక్కు పెడుతుంటే ఒక్క మాటైనా అడక్కుండా ఫోను మొహం మీద పెడతారు. "రీల్ సరిగ్గా రాలేదు, ఇంకోసారి చెక్కండి" అంటారు. ఆయనకి ఆ రోజు పని ఆగినట్టే. పిల్లలు తడి రంగు మీద వేలు పెడితే నవ్వి ఊరుకుంటారు. ముందు గది దాటితే మేం ఉండే ఇల్లు, అక్కడికీ వచ్చేస్తారు! కొనకపోయినా బాధ లేదు, "చూద్దామని వచ్చాం" అని ముందే చెప్తే తీరిక ఉన్నప్పుడు మేమే చూపిస్తాం.

సత్యనారాయణపురం మాస్టారు:
మీరే పర్లేదంటే ఇక నేను వాదించేదేముంది? కానీ ఆర్డరిచ్చి రానివాళ్ల సంగతి?

కొండపల్లి కోడలు:
అది అడక్కండి. పేర్లు రాయించుకున్న పెళ్లికూతురు, పెళ్లికొడుకు బొమ్మలు ఇంకా మా బీరువా మీదే ఉన్నాయి. వేరేవాళ్ల పేర్లున్న బొమ్మలు ఎవరు కొంటారు? బేరం ఎంతైనా ఆడండి, అడ్వాన్సు మాత్రం ఇవ్వండి.

బ్రాడీపేట నాలుగో లైను:
న్యాయమే చెల్లెమ్మా. మరి రసీదు ఇస్తారా?

కొండపల్లి కోడలు:
ఇస్తాం అన్నయ్యా. అందులో తగ్గింపు ఉండదు.