అమ్మాయి రాత్రి ల్యాబులో ఉండాలంటే నాన్న సంతకమా?

చిత్తూరు నాన్న

మా పెద్దమ్మాయి తిరుపతిలో ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం చదువుతోంది, ఎలక్ట్రానిక్స్. కళాశాల పేరు చెప్పను, దయచేసి మీరూ ఊహించి రాయకండి. ఈ నెలలో ప్రాజెక్టు పని మొదలైంది. ల్యాబు రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. అబ్బాయిలు సాయంత్రం టీ తాగి వచ్చి కూర్చుంటారు. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకే మూసేస్తారు కనుక, ఆ తర్వాత ల్యాబులో ఉండదలచిన అమ్మాయి ఇంటి నుంచి అంగీకార పత్రం తేవాలట.

ఆ పత్రం నా చేతికి వచ్చి వారమైంది. "నా కుమార్తె రాత్రివేళ ల్యాబులో పనిచేయడానికి సమ్మతిస్తున్నాను. ఏమి జరిగినా పూర్తి బాధ్యత నాదే" అని ఉంది. కింద "తండ్రి సంతకం". మొదటి వాక్యానికి నాకు అభ్యంతరం లేదు. రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతోంది.

సంతకం పెట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆమె జట్టులో నలుగురు, అందులో ముగ్గురు అబ్బాయిలు. సర్క్యూట్ బిగించడం, పరీక్షించడం, తప్పు వెతకడం అంతా రాత్రే జరిగిపోతోంది. పొద్దున ఈమె వెళ్ళేసరికి మిగిలేది నివేదిక టైపు చేయడం. "నాన్నా, ఆ జట్టులో నేను ఇంజినీరునా, గుమాస్తానా?" అని ఫోనులో అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

సంతకం పెట్టమంటారా? అసలు ఇటువంటి నియమం ఉండాలా?

పుత్తూరు అమ్మ

నియమం ఉండాలండీ. నన్ను పాతకాలం మనిషి అనుకున్నా ఫరవాలేదు. మా అమ్మాయిని తిరుపతి హాస్టల్లో వేస్తామంటే మా అత్తగారు నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఆమెను ఒప్పించినది కళాశాల ర్యాంకు కాదు, "ఆరున్నరకు గేటు వేస్తారు, బయట వాచ్‌మన్ ఉంటాడు" అన్న ఒక్క మాట. ఆ గేటు తెరిచేయమని మీరు పోరాడి గెలిచారనుకోండి. మావంటి ఇళ్ళల్లో వెంటనే మూసుకునేది మా ఇంటి గేటు. అప్పుడు పిల్ల ల్యాబుకే కాదు, తరగతికి కూడా రాదు.

గేటు నంబరు 2

అన్నింటికీ అమ్మాయిలకు అన్యాయం అంటారు. ఐఐటీల్లో వాళ్ళకు 20 శాతం సీట్లు విడిగా ఉన్నాయి. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో మూడో వంతు వాళ్ళకే. అమ్మాయిలకే ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి, మాకు ఆ పథకమే లేదు. నా స్నేహితుడికి మంచి ర్యాంకు వచ్చీ ఏర్పేడులోని తిరుపతి ఐఐటీలో సీటు పోయింది. ఇంకా ఏ తేడా పూడ్చాలి? ఎవరికి ఏది ఇష్టమో అది చదువుకుంటారు. సోల్డరింగ్, అదే వేడి కడ్డీతో తీగలు అతికించే పని, అమ్మాయిలకు ఇష్టం లేదేమో!

సీటు లెక్కలు

తమ్ముడూ, ఐఐటీ సంగతి సగమే చెప్పావు. 2017లో ఐఐటీల్లో చేరినవాళ్ళలో అమ్మాయిలు పదో వంతు కూడా లేరు. అందుకని 2018లో 14 శాతం, తర్వాతి ఏడు 17, 2020కి 20 శాతం అని మెట్టుమెట్టుగా పెంచారు. ఆ వాటా చేరడానికి కావలసిన సీట్లను అదనంగా సృష్టించారు తప్ప అబ్బాయిలకు అంతకుముందు ఉన్న సీట్లు తీసి ఇవ్వలేదు. మీ స్నేహితుడి సీటు ఇంకో అబ్బాయికి పోయి ఉంటుంది. రాష్ట్రంలోని మూడో వంతు వాటా మాత్రం ఉన్న సీట్లలోనిదే, దాని మీద వాదించే హక్కు నీకు ఉంది.

ఇష్టం సంగతి. అమెరికాలో 1980ల నడుమ కంప్యూటర్ సైన్సు డిగ్రీలు తీసుకున్నవాళ్ళలో 37 శాతం దాకా ఆడవాళ్ళు. తర్వాత అది 18 దాకా పడిపోయింది. కొన్నేళ్ళలో ఆడవాళ్ళ మెదడు మారిపోదు కదా. ఆ కాలంలోనే ఇళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి, అవి అబ్బాయిల గదుల్లో చేరాయి. అబ్బాయిలు నాలుగేళ్ళు దానితో ఆడుకుని కళాశాలకు వచ్చేవారు. ముందు నుంచీ తాకినవాడికే అది ఇష్టమైంది. చిత్తూరు నాన్నగారి అమ్మాయి కథలో కూడా అదే లేదూ? రాత్రి సర్క్యూట్ బోర్డును తాకేది ఆ ముగ్గురు అబ్బాయిలే.

మామిడి మండీ

సులువైన మార్గం ఉంది. అబ్బాయిల గేటు కూడా ఆరున్నరకే మూయండి. భయం అబ్బాయిల వల్లే కదా. అందరూ లోపలే ఉంటే వాచ్‌మన్ కూడా హాయిగా నిద్రపోతాడు.

గేటు నంబరు 2

@మామిడి మండీ మీరు అసలు కళాశాలలో చదివారా?

మామిడి మండీ

చదివాను నాయనా. అబ్బాయిల హాస్టల్ గోడ దూకి సినిమాకు వెళ్ళి, చదివాను.

నిర్వాహకుడు

కళాశాలల పేర్లు రాసిన రెండు సందేశాలు తొలగించాను. విషయం మాట్లాడండి.

హాస్టల్ గది 14

నేను మూడో సంవత్సరం, వేరే కళాశాల. మా హాస్టల్లో గేటు ఏడు గంటలకు.

రాత్రి అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలియడం లేదనిపించింది. మా ల్యాబులో మంచి ఆసిలోస్కోపులు, అంటే విద్యుత్ సంకేతాలను తెర మీద గీసి చూపే పరికరాలు, రెండే ఉన్నాయి. పగలంతా కింది తరగతుల ప్రాక్టికల్స్. అవి ఖాళీ అయ్యేది ఆరు తర్వాతే. అప్పుడే సీనియర్లు వస్తారు, సందేహం అడిగితే పక్కన కూర్చుని చూపిస్తారు. ఏ కంపెనీ ఎప్పుడు వస్తోంది, ఏ ప్రొఫెసరు దగ్గర ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది, ఎవరి పాత ప్రాజెక్టు ఎక్కడ పడి ఉంది, ఇవన్నీ ఆ వేళ మాటల్లో దొర్లేవి. మాకు ఇవి మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో తెలుస్తాయి, అప్పటికి గడువు దాటిపోతుంది.

గేటు నంబరు 2 గారూ, నా సోల్డరింగ్ బాగుంటుంది. చేతి మీద రెండు మచ్చలు కూడా ఉన్నాయి.

విశ్రాంత అధ్యాపకుడు

ముప్పయ్యేళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాడిని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి టోల్‌గేటు మీకందరికీ తెలుసు. ఆ ఊళ్ళోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ లైడార్ అనే పరికరం లేజర్ కిరణాన్ని ఆకాశంలోకి పంపి, పైనున్న ధూళి నుంచి, గాలి అణువుల నుంచి తిరిగొచ్చే అతి సన్నని వెలుగును పట్టుకుంటుంది. పగలు సూర్యకాంతిలో ఆ వెలుగు కలిసిపోతుంది. అందుకని ఆ పని మబ్బులేని రాత్రుల్లో చేస్తారు. ఆకాశానికి హాస్టల్ వేళలు తెలియవు. ఆరున్నరకు గేటు వేసే అలవాటుతో పెరిగిన పిల్లను రేపు అటువంటి చోటికి పంపితే, మొదటి రాత్రే ఇంటికి ఫోను చేసి అనుమతి అడుగుతుంది. పక్కనున్నవాడు అడగడు. అక్కడికే అతడు ఒక రాత్రి ముందున్నాడు.

సైన్సులో అమ్మాయిలు లేరనే మాట పాతది. 2020-21 ఉన్నత విద్యా సర్వేలో దేశమంతటా సైన్సు చదువుతున్నవారు 57.2 లక్షలు, వారిలో 29.5 లక్షలు అమ్మాయిలే. మన ఊళ్ళో మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది. తరగతి గదిలో వాళ్ళు సగం దాటారు. పరిశోధనశాలల్లో లెక్కపెడితే మాత్రం సగానికి చాలా దూరం. నా విద్యార్థినుల్లో బంగారు పతకాలు తీసుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పెళ్ళి పత్రికలు కూడా నా బీరువాలో ఉన్నాయి. పతకానికీ పత్రికకూ మధ్య ఏమి జరిగిందని నేను ఎవరినీ అడగలేదు. అడిగి ఉండవలసింది.

1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్తగా పేరు పొందిన కమలా సోహోనీ బెంగళూరు విజ్ఞాన సంస్థలో చేరడానికి వెళితే, ఆడపిల్లను చేర్చుకోనని సి.వి. రామన్ తిప్పి పంపారు. ఆమె పట్టుబట్టింది. చివరికి షరతులతో ఒప్పుకున్నారు. ఆ షరతుల్లో ఒకటి, గురువు చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయాలని అంటారు. చూశారా, ఆనాడు రాత్రి పని చేయడం షరతు, ఈనాడు రాత్రి పని చేయకపోవడం షరతు. షరతు మాత్రం ఆమెకే.

ఇక మన తెలుగింటి పిల్ల అయ్యలసోమయాజుల లలిత. పద్ధెనిమిదేళ్ళకే భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పాప. 1940లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్‌లో చేరింది. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే అధ్యాపకుడు. హాస్టల్లో ఆమె ఒక్కతే ఆడపిల్ల. తోడు లేక దిగులు పడుతుంటే ఆ తండ్రి "బాధ్యత నాదే" అని సంతకం పెట్టి ఊరుకోలేదు, కూతురిని ఇంటికీ తీసుకుపోలేదు. అమ్మాయిలకూ ప్రవేశం ఉందని పత్రికల్లో ప్రకటన వేయించాడు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా వచ్చి సివిల్‌లో చేరారు. ఆ త్రేసియా తర్వాత కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజినీరు అయింది. లలిత డిగ్రీ పత్రం మీద ఇంగ్లీషులో "అతడు" అని అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి "ఆమె" అని చేత్తో దిద్ది ఇచ్చారు.

చిత్తూరు నాన్నగారూ, మీ అమ్మాయి తరగతిలో అమ్మాయిలు ఎంతమంది? వాళ్ళందరి ఇళ్ళకూ ఈ పత్రం వెళ్ళిందా?

రేణిగుంట షిఫ్టు

నేను ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేస్తున్నాను. రేణిగుంటలో గానీ శ్రీసిటీలో గానీ ఫోన్లు, టీవీలు బిగించే చేతులు ఎక్కువగా అమ్మాయిలవే. షిఫ్టు అయ్యాక కంపెనీ బస్సు ఊళ్ళ దాకా దింపుతుంది. డిప్లొమా చదివిన పల్లెటూరి అమ్మాయి రాత్రి పదకొండుకు పని ముగించి వస్తే ఏ అత్తగారూ గేటు వేయడం లేదు, జీతం వస్తోంది కనుక. బీటెక్ చదివే అమ్మాయి తొమ్మిదింటికి సొంతంగా ఏదో తయారుచేస్తానంటేనే పరువు గుర్తొస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1948 కర్మాగారాల చట్టం ఆడవాళ్ళను రాత్రి ఏడు తర్వాత పనిలో పెట్టకూడదనేది. 2020 నాటి కొత్త కార్మిక స్మృతి పెట్టవచ్చంటోంది, భద్రత కల్పించాలి, ఆమె సమ్మతి తీసుకోవాలి. ఆమె సమ్మతి. ఆమె నాన్నది కాదు.

పుత్తూరు అమ్మ

రేణిగుంట షిఫ్టు గారూ, మీ మాట గట్టిగానే తగిలింది. కానీ మీరే అన్నారు, బస్సు దింపుతుందని. ఆ బస్సు ఉంది కాబట్టి పంపుతున్నారు. కళాశాల ఏ బస్సు పెడుతోంది? పత్రం రాయించుకుని బాధ్యత మన నెత్తిన వేస్తోంది. చిత్తూరు నాన్నగారి పెన్ను ఆగింది ఆ వాక్యం దగ్గరే, నాదీ అక్కడే ఆగేది. గేటు తెరవడానికి నేను వ్యతిరేకం కాదేమో, ఇప్పుడు ఆలోచిస్తే. గేటు తెరిచి చేతులు దులుపుకోవడానికి వ్యతిరేకం.

సీటు లెక్కలు

అమ్మా, మీరు సరిగ్గా ఆ చోటే పట్టుకున్నారు. యూజీసీ 2015 నిబంధనల్లో, భద్రత పేరు చెప్పి హాస్టళ్ళలో అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిలకు పెట్టకూడదని స్పష్టంగా ఉంది. 2019లో కేరళ హైకోర్టులో ఒక హాస్టల్ విద్యార్థిని సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోను వాడకూడదన్న నియమం మీద కేసు వేసి గెలిచింది. చదువుకు ఇంటర్నెట్ అవసరమన్నది ఆమె వాదన. కాగితం మీద బలం మీవైపే ఉంది. దాన్ని పట్టుకుని అడిగేవాళ్ళు కావాలి.

గేటు నంబరు 2

ఒక మాట ఒప్పుకుంటాను. మా జట్టులోనూ ఒక అమ్మాయి ఉంది. నివేదిక ఆమే రాస్తుంది. బాగా రాస్తుంది కాబట్టి ఇచ్చాం అనుకున్నాను. ఆమె ఏడు తర్వాత ఉండదు కాబట్టి ఇచ్చామేమో. సీట్ల విషయంలో నా అభిప్రాయం మారలేదు.

చిత్తూరు నాన్న

నాలుగు రోజులు జవాబు రాయలేదు, మన్నించాలి. మాస్టారు అడిగారని లెక్క తీశాను. ప్రాజెక్టు ల్యాబు కావలసిన అమ్మాయిలు తొమ్మిది మంది. ఎవరి ఇంటి నుంచీ పత్రం తిరిగి వెళ్ళలేదట. ప్రతి తండ్రీ నాలాగే పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరిది మదనపల్లె, ఒకరిది పలమనేరు, మిగతావాళ్ళు చుట్టుపక్కలవాళ్ళే. ఫోన్లు చేశాను.

మొదట మా ఆవిడ తన సంతకం పెట్టి పంపింది, ఏమంటారో చూద్దామని. "తండ్రి సంతకమే కావాలి" అని వెనక్కి వచ్చింది. దానితో ఆమెకు పట్టుదల పెరిగింది, నాకంటే ఎక్కువ.

సోమవారం ఐదు ఇళ్ళవాళ్ళం కలిసి వెళ్ళాం. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడారు. "మీరు రాసివ్వకపోతే రేపు ఏదైనా జరిగితే నన్ను అడుగుతారు కదా" అన్నారు. నిజమే, అడుగుతాం. ఆ రెండో వాక్యం మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి దాన్ని కొట్టేయడానికి ఒప్పుకున్నారు. "తండ్రి" అన్నది కొట్టేసి మా ఆవిడ "విద్యార్థిని" అని రాసింది. దానికి ఒప్పుకోలేదు. "తల్లిదండ్రులు, విద్యార్థిని" అని రాస్తే ఒప్పుకున్నారు. లలితగారి పత్రం గుర్తొచ్చింది మాస్టారూ, దిద్దుబాటు పడిన కాగితం చూస్తే. గేటు వేళ మారలేదు. తొమ్మిది మందినీ ఒకేసారి తొమ్మిదిన్నరకు లోపలికి రానిస్తారు, వార్డెన్ పుస్తకంలో రాసుకుని.

అమ్మాయితో పాటు ల్యాబు నుంచి హాస్టల్ దాకా నడిచి చూశాను. పది నిమిషాల దారి. ఎనిమిది దీపస్తంభాలున్నాయి, ఐదు వెలగడం లేదు. అది కూడా రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకుని వచ్చాను.

పుత్తూరు అమ్మ

దీపాలు వేశారా?

చిత్తూరు నాన్న

రెండు వేశారు.