ప్లెయొనెక్సియా: లోభమా, పేరాశా?

బైబిల్లో వచ్చే ‘ప్లెయొనెక్సియా’ అనే గ్రీకు మాటకు తెలుగులో ‘లోభం’ చాలునన్న వారితో నాకు పేచీ ఉంది. మన వాడుకలో లోభి అంటే పిల్లికి బిచ్చం పెట్టనివాడు, ఉన్నది తానైనా తినలేనివాడు. ప్లెయొనెక్సియా అంత ముడుచుకుని కూర్చునే గుణం కాదు. ‘ప్లెయొన్’ అంటే మరింత, ‘ఎఖెయిన్’ అంటే కలిగి ఉండడం. ఎవరి వాటాలోంచి ఆ మరింత వస్తోందన్నది అసలు సంగతి. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం అయిదో భాగంలో ఈ గుణమున్నవాణ్ణి అన్యాయపరుడిగానే లెక్కగట్టాడు.

లూకా సువార్త 12వ అధ్యాయం చూడండి. జనంలో ఒకడు యేసును పిలిచి, పిత్రార్జితంలో తన పాలు ఇమ్మని సోదరుడికి చెప్పమంటాడు. అచ్చం ఆస్తి పంపకాల తగాదా! మీకు పంచిపెట్టడానికి నన్నెవరు నియమించారని అడిగి, ఆయన వెంటనే అందరినీ హెచ్చరిస్తాడు: ‘ఏవిధమైన లోభమునకు ఎడమియ్యక’ జాగ్రత్తపడండి అని. అక్కడి గ్రీకు మాట ఇదే. తగువు వాటా గురించి కాబట్టి అక్కడ అది ఎంత పదునుగా దిగిందో చూడండి. ‘లోభము’ అనేసరికి ఆ పదును పోయింది. ఇక పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో తాము ఎవరినీ మోసం చేయలేదని చెప్పుకున్నచోట వాడింది దీని క్రియారూపమే.

ఆ లూకా అధ్యాయంలోనే కొట్లు విప్పి పెద్దవి కట్టించాలనుకున్న ధనవంతుడి కథ వస్తుంది. నాలుగో శతాబ్దంలో కైసరియ బిషప్పు బాసిల్ దానిమీద ప్రసంగిస్తూ, ప్లెయొనెక్తెస్ (అంటే ఈ గుణమున్నవాడు) ఎవరని ప్రశ్నించి, తనకు చాలినంతతో ఆగనివాడని జవాబిచ్చాడు. ఆ వెంటనే దోచుకునేవాడెవరని అడిగాడు. ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టడం నాకు చాలా నచ్చింది.

‘ఫిలార్గురియా’ అనే గ్రీకు మాట వేరు. అందులో వెండి అనే మాట ఉంది, అంటే డబ్బుమీద ప్రేమ. తిమోతికి రాసిన మొదటి పత్రికలో సమస్త కీడులకు మూలమన్నది దాన్నే. తెలుగు బైబిలు అక్కడ ‘ధనాపేక్ష’ అంది, బాగుంది. కానీ కొలొస్సయులకు రాసిన పత్రిక 3:5లో విగ్రహారాధన అని పౌలు తిట్టిన ప్లెయొనెక్సియాకూ అదే మాట పెట్టారు. రెండు గ్రీకు మాటలు ఒక తెలుగు మాటలో కలిసిపోయాయి.

ప్లెయొనెక్సియాకు ‘దురాశ’ పెట్టవచ్చు కదా అని ఒకరు అడిగారు. ఆ కొలొస్సయి వాక్యంలోనే, దానికి ముందు, ‘చెడు కోరిక’ అనే అర్థమున్న మరో గ్రీకు మాటకు దురాశను అప్పటికే వాడేశారు. నేనైతే పేరాశకు ఓటు వేస్తాను. అందులోనూ పరుల వాటా కనిపించదు, నిజమే. ఇంతకంటే దగ్గరి మాట ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.