ఫైనల్ లేని లీగులో విజేత ఎలా తేలుతుంది? 2016-17 ఐ-లీగ్ పట్టికపై ఒక సందేహం

ప్రశ్న (చిత్తూరు, వ్యాయామ ఉపాధ్యాయుడు):
నమస్కారం. ఆదివారాలు మెసానికల్ మైదానంలో ఉన్నత పాఠశాల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఐపీఎల్ చూస్తూ పెరిగిన పిల్లలు కావడంతో, ఫైనల్ ఆడకుండానే కప్పు ఇవ్వడం వారికి మింగుడుపడటం లేదు. అందుకని అప్పట్లో దేశంలో అగ్రశ్రేణి లీగుగా ఉన్న ఐ-లీగ్ 2016-17 పట్టికలోని మొదటి రెండు వరుసలు బోర్డు మీద రాశాను. 18 మ్యాచ్‌లలో ఐజ్వాల్ 11 గెలిచి, 4 డ్రా చేసుకుని, 3 ఓడింది. మోహన్ బగాన్ 10 గెలిచి, 6 డ్రా చేసుకుని, 2 మాత్రమే ఓడింది. "తక్కువ ఓడింది బగానే కదా సార్, కప్పు వాళ్లకెందుకు ఇవ్వలేదు?" అని ఒక పిల్లవాడు లేచి అడిగాడు. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి అని లెక్క వేసి 37, 36 చూపించినా వాడి ముఖంలో అనుమానం తీరలేదు. ఎలా చెబితే వాడికి అర్థమవుతుందో పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (తిరుపతి):
మాస్టారూ, మీ విద్యార్థి అడిగింది చాలా మంచి ప్రశ్న. గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చిన పాత పద్ధతిలో లెక్కించి చూడండి: ఐజ్వాల్‌కు 22కు 4 కలిపి 26, బగాన్‌కు 20కి 6 కలిపి 26. అంటే పాత లెక్కలో ఇద్దరూ సమానమే. డ్రాతో సరిపెట్టుకోకుండా గెలుపు కోసం ఆడాలనే ఉద్దేశంతోనే గెలుపు విలువను మూడుకు పెంచారు కాబట్టి, ఒక మ్యాచ్ ఓడి మరో మ్యాచ్ గెలిచిన జట్టుకు మూడు పాయింట్లు వస్తే, ఆ రెండూ డ్రా చేసుకున్న జట్టుకు రెండే వస్తాయి. ఓటమి లేకపోవడం గొప్పే కానీ, లీగు దానికి విడిగా బహుమతి ఇవ్వదు.

జవాబు 2 (తిరుపతి, విశ్వవిద్యాలయ మాజీ ఆటగాడు):
పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. అయితే పిల్లలకు లెక్కతో పాటు ఆ సీజన్ కథ కూడా చెప్పాలని నా మనవి. అంతకు ముందు సీజన్‌లో తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచిన ఐజ్వాల్, అట్టడుగున ఉన్న డీఎస్‌కే శివాజియన్స్‌కు నేరుగా ప్రవేశం పొందిన జట్టుగా మినహాయింపు ఉండటంతో, దాని బదులు తానే కింది డివిజన్‌కు దిగిపోవలసి వచ్చింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దక్కింది. ఐజ్వాల్ శిక్షకుడు ఖాలిద్ జమీల్‌ను అంతకు ముందే ముంబై ఎఫ్‌సీ తొలగించింది; ఆ ముంబై జట్టే ఈ సీజన్‌లో అట్టడుగున నిలిచింది.

2017 ఏప్రిల్ 22న సొంత మైదానంలో బగాన్‌పై 83వ నిమిషంలో జోమింగ్లియానా రాల్తే తలతో కొట్టిన గోలు ఐజ్వాల్‌ను మూడు పాయింట్ల ఆధిక్యంలో నిలిపింది. ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో అక్కడి లాజాంగ్ జట్టుతో జరిగే చివరి మ్యాచ్‌లో ఒక్క పాయింటు చాలు. లాజాంగ్ తరఫున తొమ్మిదో నిమిషంలోనే దీపాండా గోలు చేశాడు. 67వ నిమిషంలో లాల్‌నున్‌ఫెలా దాన్ని సమం చేసేదాకా కప్పు చేజారుతున్నట్లే ఉంది. అదే రోజు బగాన్ చెన్నై సిటీని 2-1తో ఓడించింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగు గెలిచిన తొలి జట్టు ఐజ్వాలే. ఫైనల్ లేదంటున్నారు కానీ, నా దృష్టిలో ఆ పద్దెనిమిది మ్యాచ్‌లూ ఫైనళ్లే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం చింతగింజలు తీసుకువెళ్లి, ప్రతి గెలుపుకు మూడు, ప్రతి డ్రాకు ఒకటి చొప్పున రెండు కుప్పలు పోయించాను. ఆ పిల్లవాడు బగాన్ కుప్పను రెండుసార్లు లెక్కపెట్టి, డ్రాల గింజల్లోంచి ఒకటి పక్కకు తీసి దాని చోట మూడు పెట్టాడు. "ఆరింటిలో ఏ ఒక్కటి గెలిచి ఉన్నా 38 అయ్యేది సార్" అన్నాడు.