2016 సోల్ ఆల్బమ్‌లలో నేను వదిలేసినవి ఏవి?

ఒక్కో సంవత్సరం తీసుకుని, అప్పట్లో వచ్చిన సోల్ సంగీతంలో (అమెరికా నల్లజాతీయుల చర్చి పాటల నుంచి, బ్లూస్ నుంచి పుట్టిన శైలి) నాకు ప్రాణమైన ఆల్బమ్‌లను వరుసగా రాసుకుంటున్నాను. ఇప్పుడు 2016 దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మొదటి స్థానం గురించి నాకు అనుమానమే లేదు. చార్లెస్ బ్రాడ్లీ ‘ఛేంజెస్’. అరవై దాటాక తొలి ఆల్బమ్ చేసిన మనిషి ఆయన. ఆల్బమ్ పేరున్న పాట బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బృందం 1972లో పాడినది; దాన్ని తీసుకుని, చనిపోయిన తన తల్లిని తలచుకుంటూ పాడాడు. ఆ గొంతులోని జీర విన్న ప్రతిసారీ చేస్తున్న పని ఆపేస్తాను. మూలం కంటే ఇదే గొప్పదని నా అభిప్రాయం.

తర్వాత సొలాంజ్ ‘ఎ సీట్ ఎట్ ది టేబుల్’, మైకేల్ కివనుకా ‘లవ్ అండ్ హేట్’. రెండింటిలో ఏది ముందు? కివనుకా తొలి పాటే దాదాపు 10 నిమిషాలు, గొంతు వినిపించడానికే చాలాసేపు పడుతుంది. ఆ నిరీక్షణ నాకెంతో ఇష్టం. సొలాంజ్ ఆల్బమ్‌లో పాటల మధ్య వచ్చే మాటలను, ముఖ్యంగా ఆమె తల్లిదండ్రుల మాటలను, దాటవేయకుండా వినాలి. స్టాక్స్ అనే పాత సోల్ రికార్డుల సంస్థకు తిరిగి వచ్చిన విలియం బెల్ ఆల్బమ్ కూడా నా జాబితాలో ఉంది.

అయితే నా జాబితాలో స్త్రీ గొంతు ఒక్కటే ఉంది. అదే నన్ను బాధిస్తోంది. ఆ ఏడాది గాయనులు చేసిన సోల్ ఆల్బమ్‌లలో తప్పక వినవలసినవి ఏవి? కంప్యూటర్ తాళం కాకుండా నిజమైన డ్రమ్స్, బాకాలు ఉన్నవైతే మరీ మంచిది. ఏ పాటతో మొదలుపెట్టాలో కూడా చెప్పండి.